యుద్ధనౌక నుంచి వచ్చిన కవరు

ఉత్తరం చేతికి రాగానే మనం మొట్టమొదట చేసే పని కవరు చింపడం. లోపలి కాగితాన్ని ఇంటిల్లిపాదీ నాలుగేసిసార్లు చదువుకుంటారు. పెద్దవాళ్లు దాచుకుంటారు కూడా. కవరు మాత్రం ఆ పూటే చెత్తబుట్టలోకి పోతుంది. ఇంట్లో తపాలా బిళ్లలు పోగుచేసే పిల్లవాడుంటే బిళ్ల వున్నంత మేరా కత్తిరించుకుని, నీళ్లలో నానబెట్టి, తక్కినది పారేస్తాడు. దానితో బిళ్ల మీద పడిన గుండ్రటి నల్లని ముద్ర సగం వాడి ఆల్బంలోకి, సగం చెత్తలోకి పోతుంది. ఆ ముద్ర కోసమే కవర్లకు కవర్లు సేకరించేవాళ్లు లోకంలో వున్నారంటే కొందరికి నవ్వు రావచ్చు. నేనూ ఆ కోవకు చెందినవాణ్ణే.

నా వృత్తి కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పడం. ప్రబంధాలూ, ఛందస్సూ నా సరుకు. అటువంటివాడికి ఎక్కడో అమెరికా యుద్ధనౌకల తపాలా ముద్రలతో పనేమిటని మా స్టాఫు రూములో మిత్రులు పరిహాసమాడుతుంటారు. మా ఇంటావిడ మరొక అడుగు ముందుకు వేసి, "లోపల ఒక్క అక్షరం కూడా లేని ఖాళీ కవర్లకు డబ్బు పోసేవాళ్లను మిమ్మల్నే చూశానండీ" అంటుంది. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. నా దగ్గరున్న కవర్లలో చాలావాటిలో ఉత్తరమే లేదు.

కాని, శాసనాలు చదివేవారికి శిథిలమైన రాతి మీద నాలుగు పంక్తులు దొరికితే చాలు గదా! ఏ రాజు కాలం, ఏ తిథి, ఏ వూరు అన్న మూడు సంగతులు తేలితే మిగిలిన కథ దాని వెంట నడిచివస్తుంది. యుద్ధనౌక ముద్రలో కూడా వుండేవి ఆ మూడే. ఏ నౌక, ఏ తేదీ, ఏ రేవు. కదిలే నౌకకు వూరంటూ వుండదు. ఫలానా రోజున అది ఫలానా చోట వున్నదనడానికి ఒక మామూలు కవరు సాక్ష్యం చెబుతుంది. అది ఎంతటి సాక్ష్యమో, యుద్ధం వచ్చినప్పుడు ఆ సాక్ష్యాన్ని ఎందుకు చెరిపివేస్తారో చెప్పడమే ఈ వ్యాసం వుద్దేశం.

నౌకలోనే తపాలా ఆఫీసు

యుద్ధనౌక అంటే ఫిరంగులూ, పొగగొట్టాలూ మాత్రమే మనకు స్ఫురిస్తాయి. పెద్ద నౌకలో వెయ్యిమందికి పైగా జనం వుంటారు. వాళ్లకు వంటశాల కావాలి, ఆసుపత్రి కావాలి, మంగలి దుకాణం కావాలి. అన్నిటికంటె ముఖ్యంగా ఇంటి నుంచి ఉత్తరం కావాలి. అమెరికా ప్రభుత్వం 1908 మే 27 న ఒక చట్టం చేసి, నావికుల్లోనే కొందరిని తపాలా గుమాస్తాలుగా నియమించే ఏర్పాటు చేసింది. బిళ్లలు అమ్మడం, ఉత్తరాలు తీసుకోవడం, వచ్చిన సంచులు విప్పి బట్వాడా చేయడం వాళ్ల పని. ఆ ఏడు ఆగస్టు నెలలోనే నౌకల మీద తపాలా ఆఫీసులు వెలిశాయి.

ప్రతి నౌకకూ సొంత ముద్ర వుండేది. వృత్తంలో చుట్టూ నౌక పేరు, మధ్యలో తేదీ. వృత్తం పక్కన బిళ్లను రద్దు చేయడానికి అడ్డగీతలు. మామూలు ఆఫీసులో ఆ గీతలు ఉత్త గీతలే. నౌకల్లో ఆ గీతల సందున, అప్పటికి నౌక ఏ రేవులో లంగరు వేసి వుంటే ఆ వూరి పేరు అక్షరాలు పేర్చి కొట్టేవారు. పండుగ రోజైతే వూరి పేరుకు బదులు క్రిస్మస్ శుభాకాంక్షలో, మరొకటో పేర్చేవారు. అంటే నౌక ఎక్కడుందో, ఆ రోజు విశేషమేమిటో ముద్రే చెప్పేసేది.

ఇది చూసి సేకరణదారులు ఊరుకుంటారా? 1930 తరువాతి పదేళ్లలో అమెరికాలో యుద్ధనౌకల కవర్ల వెర్రి జోరుగా సాగింది. ఆర్థికమాంద్యం వల్ల చేతిలో డబ్బాడని కాలమది. బిళ్ల ఖర్చుతో తీరిపోయే వినోదం గనుక పిల్లలూ పెద్దలూ ఇందులో పడ్డారు. పద్ధతి చాలా సులువు. ఒక కవరు మీద తన చిరునామా తానే రాసుకుని, బిళ్ల అంటించి, దాన్ని మరొక పెద్ద కవరులో పెట్టి, నౌకలోని తపాలా గుమాస్తాకు మర్యాదగా నాలుగు ముక్కలు రాసి పంపడమే. ఆయన ముద్ర కొట్టి తిరుగు టపాలో వేసేవాడు. ఓపికగల గుమాస్తాలు రబ్బరు మీద లంగరు బొమ్మలూ, నౌక బొమ్మలూ చెక్కి, రంగు సిరాలతో కవరు ఎడమ పక్కన అచ్చువేసి మరీ పంపేవారు. నౌకకు వెన్నుగడ వేసిన రోజు, నీటిలోకి దింపిన రోజు, దళంలో చేర్చుకున్న రోజు, తపాలా ఆఫీసు తెరిచిన రోజు, ఇలా ఒక్కొక్క తేదీకీ ఒక్కొక్క కవరు. మనిషికి జాతకం రాసినట్టే నౌకకు కవర్లతో జాతకం కట్టేవారన్నమాట.

ఈ సేకరణదారులంతా 1932 లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. 'యూనివర్సల్ షిప్ కాన్సిలేషన్ సొసైటీ' అని దాని పేరు. ముద్రల ఆకారాన్ని బట్టి వాటిని తరగతులుగా విడదీసే పద్ధతి ఒకటి లోకీ అనే ఆయన పేరిట ప్రచారంలోకి వచ్చింది. వృత్తం ఒకటా రెండా, గీతలు ఎన్ని, అక్షరాలు ఎటు తిరిగి వున్నాయి అని చూసి ముద్రకు ఒక అంకె ఇస్తారు. మన ఛందస్సులో గణాలను గుర్తించినట్టే ఇదీను! నాకు ఈ విద్య రుచించడానికి అదొక కారణమేమో.

ఒక నౌక జాతకం

ఇన్ని నౌకల్లోనూ సేకరణదారుల మనసును పట్టి వుంచేది 'అరిజోనా' అనే యుద్ధనౌక. దాని కథ క్లుప్తంగా చెబుతాను.

1914 మార్చి 16 న న్యూయార్కులోని బ్రూక్లిన్ నౌకానిర్మాణశాలలో దానికి వెన్నుగడ వేశారు. ఆ వుత్సవానికి వచ్చినవారిలో నౌకాశాఖ ఉపకార్యదర్శిగా వున్న ముప్ఫైరెండేళ్ల యువకుడొకడు వున్నాడు. ఆయన పేరు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు. ఆయనకు చిన్ననాటి నుంచీ తపాలా బిళ్లల పిచ్చి. ఆ పిచ్చి అమెరికా అధ్యక్షుడైన తరువాత కూడా వదలలేదు.

1915 జూన్ 19 న నౌకను నీటిలోకి దింపారు. నౌకాజలప్రవేశానికి షాంపేను సీసా పగలగొట్టడం ఆచారం. అరిజోనా రాష్ట్రంలో అప్పటికి మద్యనిషేధం వుంది. మద్యం వద్దంటే నావికులు శకునం చెడ్డదంటారు, కావాలంటే రాష్ట్రం వాళ్లు ఒప్పరు. చివరకు రెండు సీసాలు తెచ్చారు. ఒకదానిలో షాంపేను, రెండవదానిలో ఆ రాష్ట్రంలోని రూజ్వెల్టు ఆనకట్ట మీద మొదటిసారిగా పొర్లిన నీళ్లు. నౌక 1916 అక్టోబరు 17 న దళంలో చేరింది. పొడవు 608 అడుగులు. పద్నాలుగు అంగుళాల ఫిరంగులు పన్నెండు.

అంత పటాటోపంతో తయారైన నౌక మొదటి ప్రపంచయుద్ధంలో పోరు ముఖం చూడలేదు. సంధి కుదిరాక, 1918 డిసెంబరులో శాంతి సభకు వెళుతున్న అధ్యక్షుడు విల్సన్ నౌకకు తోడుగా కొంతదూరం నడిచింది. 1931 మార్చిలో అధ్యక్షుడు హూవరును ఎక్కించుకుని పోర్టోరికో దీవికి తీసుకువెళ్లింది. 1933 మార్చిలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచి పట్నంలో భూకంపం వచ్చినప్పుడు దీని నావికులు ఒడ్డుకు దిగి సహాయం చేశారు. 1934 లో ఒక సినిమా కూడా దీని మీద తీశారు. అప్పట్లో కాలిఫోర్నియా తీరంలోని శాన్ పెడ్రో రేవు దీనికి ఇల్లువంటిది.

నా దగ్గరున్న అరిజోనా కవరు ఆ శాన్ పెడ్రో నాటిది. 1935 వ సంవత్సరం ముద్ర. విదేశీ వర్తకుడొకరి దగ్గర తపాలా ద్వారా కొన్నాను. ఈ నౌక కవర్లు ఆ పదేళ్లలో విరివిగా పుట్టాయి గనుక, లెక్చరరు జీతానికి అందనంత ధరేమీ కాదు. ఊదారంగు మూడు సెంట్ల వాషింగ్టన్ బిళ్ల. గుండ్రటి ముద్రలో నౌక పేరు నిండుగా వుంది. గీతల మధ్య రేవు పేరు. ఎవరో ముద్రను జాగ్రత్తగా, నిటారుగా, సిరా అలుక్కుపోకుండా కొట్టారు. లోపల ఉత్తరం లేదు. శాంతికాలంలో, ఏ తొందరా లేని ఒక పూట, ఎవరో అపరిచితుడి సరదా తీర్చడానికి ఒక గుమాస్తా పడిన శ్రద్ధ అది. ఎవరో ఆయన పేరు కవరు మీద లేదు. అయినా ఆయన చేతి ఒత్తిడి ఆ కాగితం వెనుక వైపు వేలికి తగులుతుంది.

ఒక ఆదివారం ఉదయం

1940 లో అమెరికా తన నౌకాదళాన్ని కాలిఫోర్నియా నుంచి హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బరుకు తరలించింది. జపానుతో స్పర్థ ముదురుతున్న రోజులు. అరిజోనా కూడా అక్కడికే వెళ్లింది. 1941 డిసెంబరు 5 న సముద్రం నుంచి వచ్చి లంగరు వేసింది. డిసెంబరు 7 ఆదివారం. ఉదయం 8 గంటలకు అయిదు నిమిషాల ముందు జపాను విమానాలు విరుచుకుపడ్డాయి. 8 గంటలు దాటిన కొద్ది నిమిషాలకే ఒక బాంబు అరిజోనా ముందు భాగంలో పడి, మందుగుండు కొట్లు పేలిపోయాయి. నౌక ఆ క్షణంలోనే నడుము విరిగి కూలింది. మంటలు రెండు రోజులు ఆరలేదు.

ఆ నౌక మీద పోయినవారు 1,177 మంది. ఆనాడు పెర్ల్ హార్బరులో చనిపోయిన మొత్తం జనంలో ఇంచుమించు సగం. నౌకాధిపతి కాప్టెన్ వాన్ వాల్కెన్‌బర్గూ, అడ్మిరల్ కిడ్డూ అందులో వున్నారు. నౌకలోని బ్యాండు మేళం 21 మందీ పోయారు. అన్నదమ్ములు ఒకే నౌకలో పనిచేసే అలవాటు అప్పట్లో వుండడంచేత, ఒక్క ఇంటి నుంచి ఇద్దరేసి కొడుకులు పోయిన తల్లులు ఎందరో. తొమ్మిదివందలమందికి పైగా నేటికీ ఆ నౌకలోనే, నీటి అడుగున వున్నారు. దాని మీదుగా కట్టిన స్మారక మందిరం 1962 లో తెరిచారు. నౌక లోంచి నూనె చుక్కలు చుక్కలుగా ఇప్పటికీ పైకి తేలుతూనే వుంటుంది.

ఇప్పుడు తపాలా సంగతికి వద్దాం. హవాయి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి ఉత్తరం చేరడానికి ఓడలోనైతే రోజులు పట్టేది. డిసెంబరు మొదటివారంలో నావికులు ఇంటికి రాసిన ఉత్తరాలు, నౌక మునిగిన తరువాత గాని గమ్యం చేరలేదు. రేడియోలో వార్త విని, కొడుకు వున్నాడో లేడో తెలియక కూర్చున్న తల్లికి కొడుకు చేతిరాతతో ఉత్తరం అందితే ఆమె ఏం చూస్తుంది? లోపలి మాటలు తరువాత. ముందు ముద్ర మీది తేదీ చూస్తుంది. ఏడుకు ముందుదా, తరువాతదా?

ఇంటి నుంచి నౌకకు వెళ్లిన ఉత్తరాల గతి మరొకటి. క్రిస్మస్‌కు రాసినవి, పుట్టినరోజుకు రాసినవి దారిలో వున్నాయి. అందుకోవలసినవాళ్లు లేరు. అటువంటివి తిరుగుముద్రలు వేయించుకుని పంపినవారి గుమ్మంలోకే వచ్చాయి. నౌక ముద్ర లేని ఆ కవర్లను కూడా సేకరణదారులు అరిజోనా కవర్లలోనే భద్రపరుస్తారు. నిజానికి నా 1935 నాటి కవరు వంటివి వంద కలిపినా, తిరిగివచ్చిన కవరు ఒకదానితో సరితూగవు. అటువంటిది అమ్మకానికి వచ్చినప్పుడు బొమ్మ చూశాను. కొనాలనిపించలేదు. అది ఆ ఇంటివాళ్ల దగ్గర వుండవలసిన వస్తువు అనిపించింది.

డిసెంబరు 7 తేదీతో అరిజోనా ముద్ర పడిన కవరు ఎవరైనా చూపిస్తే మాత్రం, కొనేవారు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. ఆదివారం ఉదయం ఎనిమిది దాటగానే మండిపోయిన నౌక అది. ఆ రోజు ముద్ర పడి, ఆ మంటలు తప్పించుకుని బయటపడిన కవరు అంటే నమ్మడానికి గట్టి ఆధారం కావాలి. ఇటువంటి చోట సేకరణదారుకు కావలసింది వుత్సాహం కాదు, లెక్క. బిళ్ల ఆ తేదీకి ముందే వెలువడిందా? తపాలా ఖర్చు సరిపోయిందా? అమెరికాలో మామూలు ఉత్తరానికి 1932 జూలై 6 న రెండు సెంట్లు పోయి మూడు సెంట్లయింది. 1938 నాటి ముద్ర కింద రెండు సెంట్ల బిళ్ల ఒక్కటే వుంటే ఎందుకని అడగాలి. ఆ తేదీకి నౌక నిజంగా ఆ రేవులో వున్నదా? నౌకల దినచర్య పుస్తకాలు ఈ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాయి.

పేరు మాయమైన ముద్ర

యుద్ధంలోకి దిగిన తరువాత అమెరికా నౌకల ముద్రలు మారిపోయాయి. నౌక పేరు లేదు. రేవు పేరు లేదు. వృత్తంలో 'యు.ఎస్. నేవీ' అని మాత్రం వుంటుంది, తేదీ వుంటుంది. పాత ముద్రల్లో కొన్నిటికి పేరు వున్నంత మేరా లోహాన్ని చెక్కివేశారు. అచ్చు పడినప్పుడు ఆ చోట బోసిగా వుంటుంది. ఉత్తరాలను అధికారులు చదివి, తనిఖీ అయిందని మరొక ముద్ర వేసి, పొడి అక్షరాలతో సంతకం చేసేవారు. ఇంటి నుంచి రాసేవారు చిరునామాలో నౌక పేరు వేసి, కేరాఫ్ ఫ్లీట్ పోస్టాఫీసు, శాన్ ఫ్రాన్సిస్కో అనో, న్యూయార్కు అనో రాయాలి. అక్కడి నుంచి ఆ నౌక ఏ సముద్రంలో వుంటే అక్కడికి సంచులు పోతాయి. 1942 ఏప్రిల్ 1 నుంచి సైనికులకు బిళ్ల ఖర్చు కూడా లేదు, బిళ్ల వుండవలసిన చోట 'ఫ్రీ' అని చేత్తో రాస్తే చాలు.

పేరులేని ఆ ముద్రలకు కూడా సేకరణదారులు తమ పట్టికలో చోటిచ్చి, అంకె పక్కన ఒక అక్షరం చేర్చి గుర్తించారు. కవరు మూల మీద పంపిన నావికుడి చిరునామాను బట్టి నౌకను తేల్చుకుంటారు. కొత్తవారు ఇటువంటి కవర్లను చూసి, ఇందులో ఏముందని పక్కన పెట్టేస్తారు. నాకు మాత్రం పేరున్న ముద్ర కంటె ఇదే ఎక్కువ మాట్లాడుతున్నట్టు వుంటుంది. పదేళ్లపాటు వచ్చిన ప్రతివాడికీ తన పేరూ వూరూ చెప్పుకున్న నౌక, ఇప్పుడు నోరు మూసుకుంది. ముద్రలో పడిన ఆ ఖాళీయే యుద్ధం.

ఈ గోప్యం ఎందుకంటే, నౌక ఎక్కడుందో తెలియడం శత్రువుకు సగం విజయం గనుక. దీనికి నిదర్శనం కోసం హవాయి దాకా పోనక్కరలేదు. మన విశాఖపట్నమే చాలు.

విశాఖపట్నంలో ఒక తంతి

1971 చివర పాకిస్తానుతో యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను తూర్పు సముద్రానికి పంపారు. దాన్ని వెదుక్కుంటూ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బయలుదేరింది. తూర్పు నౌకాదళానికి అధిపతిగా వున్న వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల మాటున దాచి, అది విశాఖపట్నం దగ్గరే వున్నట్టు వదంతి పుట్టించారు. రాజపుత్ అనే పాత నౌకను సముద్రంలోకి పంపి, విక్రాంత్ పంపినట్టు రేడియో సంకేతాలు పంపించారు. విశాఖపట్నం బజారులో పెద్ద నౌకకు సరిపడా సరుకులు పురమాయించారు. వీటికి తోడు మరొక చిన్న ఎత్తు వేశారు. విక్రాంత్ నావికుడొకడు, తన తల్లికి జబ్బు ఎక్కువగా వుందని తెలిసి, ఎలా వుందో తెలపమని అడిగినట్టుగా, రహస్యలిపి లేని మామూలు మాటల్లో ఒక తంతి పంపించారు. వినేవాళ్లు వినాలనే.

ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ చివరి ఎత్తు. యుద్ధవ్యూహాలన్నిటి మధ్యా, శత్రువు తప్పకుండా నమ్మే విషయం ఏమిటని ఆలోచిస్తే, తల్లి కోసం కొడుకు పడే ఆరాటం దొరికింది! డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీ విశాఖపట్నం తీరాన మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాలూ చెప్పేది ఒకటి కాదు. అందులో వున్న తొంభైమందికి పైగా మనుషులు మాత్రం తిరిగి రాలేదు. వాళ్లకూ ఇళ్లున్నాయి. వాళ్ల ఇళ్ల నుంచీ ఉత్తరాలు వెళ్లే వుంటాయి.

తీగకు గుచ్చిన ఉత్తరాలు

ఆ డిసెంబరులోనే విజయనగరం పక్క పల్లెలో, నిజంగానే కొడుకు ఉత్తరం కోసం ఎదురుచూసిన తల్లి ఒకామె వుంది. ఆమె మా అమ్మమ్మ. మా పెద్దమామయ్య అప్పటికి నేవీలో చేరి మూడేళ్లు. అప్పుడు పన్నెండేళ్ల పిల్ల అయిన మా అమ్మ చెప్పగా విన్న సంగతి ఇది. మామయ్యకు ఉత్తరం రాస్తే పేరు, నంబరు, నౌక పేరు రాసి, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీసు, బొంబాయి అని రాయాలి. ఆయన నుంచి వచ్చే ఉత్తరంలో తాను ఎక్కడున్నదీ వుండదు. క్షేమం, ఆరోగ్యం, చెల్లెలి చదువు, ఆవు ఈనిందా లేదా, ఇంతే.

యుద్ధం మొదలైన తరువాత మొదటి ఉత్తరం రాగానే అమ్మమ్మ పోస్టుమానును నిలబెట్టి అడిగిందట.

"నాయినా, మా వోడు ఏ వూళ్లో వున్నాడో ఈ ముద్రని బట్టి తెలుస్తాదా?"

"తెలీదమ్మా. మిలిటరీ ముద్ర. వూరు వెయ్యరు."

"మరి ఎందుకది?"

"తేదీ వుంది గదమ్మా. అంతవరకూ బాబు బాగున్నట్టే."

ఆ తరువాత వచ్చిన ప్రతి ఉత్తరానికీ మా అమ్మ చేత మొదట ముద్ర మీది తేదీ చదివించుకుని, ఆ తరువాతే చింపనిచ్చేదట అమ్మమ్మ. ఆమెకు చదువు రాదు. పెర్ల్ హార్బరు పేరు విని వుండదు. కాని, అమెరికాలో ఆనాటి తల్లులు చూసిన చోటే ఆమె కూడా చూసింది.

మామయ్య క్షేమంగా తిరిగివచ్చాడు. ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆ రోజుల్లో ఎక్కడున్నావు మామయ్యా అని నేను అడిగితే, "నీళ్ల మీదరా" అని నవ్వేవాడు. ఆయన ఉత్తరాలన్నీ, పూర్వం మన ఇళ్లలో వుండే తీగకు గుచ్చి వసారాలో వేలాడుతుండేవి. పెంకుటిల్లు విప్పి డాబా వేసేటప్పుడు ఆ తీగ దస్తావేజులతో, కరెంటు బిల్లులతో సహా పాతకాగితాలవాడి తూకంలోకి వెళ్లిపోయింది. మిగిలింది ఒక్కటే. అమ్మమ్మ బీరువాలో చీరల మధ్య పెట్టుకున్న ఇన్లాండు కవరు. దాని మీద నౌక పేరు లేదు, వూరు లేదు. 1971 డిసెంబరు నాటి తేదీ వుంది. ఆ చోట నీలం కాగితం నలిగి, కాస్త జిడ్డు పట్టి వుంది. నా సేకరణలో అన్నిటికంటె పైన వుండేది అది. దాన్ని మాత్రం చూసి మా ఇంటావిడ ఏమీ అనదు.

మీ ఇంట్లో వుంటే

విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లో నేవీలోనో, ఆర్మీలోనో పనిచేసిన మనిషి లేని వీధి తక్కువ. 56 ఏ.పి.ఓ., 99 ఏ.పి.ఓ. అన్న చిరునామాలు మన పోస్టుమానులకు కంఠతా వచ్చు. అవీ ఇటువంటి మరుగు చిరునామాలే. ఆ ఇళ్లలో అటకల మీద, రేకుపెట్టెల్లో ఇంకా ఉత్తరాలు వున్నాయి. ఫోన్లు వచ్చాక అటువంటి ఉత్తరాలు కొత్తగా పుట్టడం లేదు. వున్నవి వున్నట్టుగా దక్కించుకోవడమే మన చేతిలో వుంది. అందుకని నాలుగు మాటలు చెబుతాను.

ఉత్తరాన్నీ కవరునూ విడదీయకండి. బిళ్ల ఎంత ముచ్చటగా వున్నా కత్తిరించకండి. ముద్ర పూర్తిగా వుంటేనే దానికి మాట వుంటుంది. చిరిగిన చోట అంటుకునే టేపు వేయకండి, కొన్నాళ్లకు అది పసుపుపచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. గుచ్చిన తీగ నుంచి మెల్లగా తీసి, మడతలు విప్పి, తెల్లకాగితపు కవర్లలో విడివిడిగా పెట్టి, పొడిగా, చీకటిగా వుండే చోట వుంచండి. ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి బిగించకండి, చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఏడాదికి రెండుసార్లు తీసి చూడండి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. ఎవరు, ఎవరికి, అప్పుడు ఏ నౌకలో లేక ఏ పటాలంలో వుండి రాశారు అన్నది వేరే కాగితం మీద పెన్సిలుతో రాసి, కవరుతో పాటు పెట్టండి. ఆ సంగతి చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో వున్నప్పుడే అడిగి రాసుకోవాలి. అరిజోనా నుంచి బతికి బయటపడ్డవారిలో ఆఖరివాడైన లూ కాంటర్ 102 ఏళ్ల వయసులో 2024 ఏప్రిల్ 1 న కన్నుమూశాడు. ఇక ఆ నౌకలో ఆదివారం ఉదయాలు ఎలా వుండేవో, తపాలా గుమాస్తా కిటికీ దగ్గర ఎవరెవరు వరుసలో నిలబడేవారో చూసినవాళ్లెవరూ లేరు. మిగిలినవి కాగితాలే.

ఈ ఆదివారం తీరిక దొరికితే మీ అటక మీది రేకుపెట్టె దింపించి చూడండి. అందులో సైనికుడి ఉత్తరం ఏదైనా దొరికితే, రాసినాయన బతికి వుంటే ఆయన పక్కనే కూర్చుని, ముద్ర మీది తేదీ పైకి చదివి, "ఆనాడు మీరు ఎక్కడున్నారండీ?" అని అడగండి. ఇప్పుడు చెప్పడానికి ఆయనకు ఏ అడ్డూ లేదు.